పట్టాలున్నయ్, బండి లేదు

(ఎడిన్‌బరాలో తెలంగాణ మిత్రులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రాతకు తగినట్టు అక్కడక్కడ సర్దాను.)

 

నన్ను మాట్లాడమని పిలిచిన తమ్ముడు ముందే ఒక షరతు పెట్టాడు. "అన్నా, నీళ్లు, నిధులు, నియామకాలు అందరూ చెప్తున్నరు. నువ్వు జెర వేరేది చెప్పు" అన్నాడు. సరే, రైలు గురించి చెప్తానన్నాను. "వందే భారతా?" అన్నాడు. కాదు తమ్మీ, ఐదు మైళ్ల లైను అన్నాను. ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడం చూసే, ఈ మాట చెప్పి తీరాలనిపించింది.

2024 జూన్ 2. రాష్ట్రం వచ్చి పదేళ్లు నిండిన రోజు. ఆదివారం. మనవాళ్లు సాయంత్రం సభ కోసం వంటల పనిలో ఉన్నారు. నేను పొద్దున్నే మా చిన్నదాన్ని తీసుకుని వేవర్లీ స్టేషన్‌కు పోయి లీవెన్‌కు టికెట్ కొన్నాను. ఆ రోజే లీవెన్‌కు మళ్లీ ప్యాసింజర్ రైలు మొదలైంది. అంతకు ముందు ఆఖరి ప్యాసింజర్ నడిచింది 1969 అక్టోబరులో. అంటే దాదాపు 55 ఏళ్ల తర్వాత.

ఫైఫ్ జిల్లాలో సముద్రం ఒడ్డున లీవెన్, మెథిల్, బక్‌హేవెన్ ఊళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మొత్తం కలిపి 37, 38 వేల మంది. మన కొత్తగూడెం, మణుగూరు చూసిన వాళ్లకు ఈ ఊళ్లు కొత్తగా అనిపించవు. బొగ్గు మీద బతికిన ఊళ్లు. మెథిల్ రేవు నుంచి ఒకప్పుడు స్కాట్లాండ్ బొగ్గు ఓడలకెక్కేది. గనులు మూతపడ్డాయి, రేవు సన్నబడింది, రైలు పోయింది. కారు లేని ఇళ్లు మిగతా స్కాట్లాండ్ కంటే ఇక్కడ ఎక్కువ. రైలు ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ల దగ్గరి నుంచే తీసేశారు. ఇది ఒక్క స్కాట్లాండ్ కథే కాదని మీకు తెలుసు.

ప్యాసింజర్ పోయినా గూడ్సు కొన్నాళ్లు నడిచింది. తర్వాత అదీ ఆగింది. కానీ పట్టాలు తీయలేదు. తుప్పు పట్టాయి, మధ్యలో చెట్లు మొలిచాయి. నేను ఫైఫ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ పట్టాల పక్కనుంచే రోజూ కారులో పోయేవాణ్ణి. అవి పాత ఇనుము అనుకున్నాను తప్ప మళ్లీ బండి నడుస్తుందన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. నా లాంటి వాడికి రాలేదు, అక్కడి కొందరికి వచ్చింది. తేడా అంతే.

రైల్లో మా ఎదురు సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. చిన్నప్పుడు ఈ లైనులో అమ్మతో కలిసి ప్రయాణం చేశాడట. కామెరన్ బ్రిడ్జ్ స్టేషన్ రాగానే లేచి నిలబడ్డాడు. దిగుతాడనుకుని మా చిన్నది కాళ్లు తీసి దారి ఇచ్చింది. ఆయన దిగలేదు. కిటికీలోంచి చూడడానికి లేచాడు.

ఇక అసలు కథ. దానికి ఈ దేశంలో ఇంకో రైలు గురించి చెప్పాలి.

1963లో డాక్టర్ బీచింగ్ అనే ఆయన బ్రిటన్ రైల్వే మీద ఒక నివేదిక ఇచ్చాడు. నష్టం వచ్చే లైన్లు మూసేయాలన్నాడు. సుమారు 5,000 మైళ్ల మార్గం, రెండు వేలకు పైగా స్టేషన్లు ఆ జాబితాలో చేరాయి. అందులో ఒకటి ఎడిన్‌బరా నుంచి దక్షిణంగా గాలషీల్స్, హాయిక్ మీదుగా కార్లైల్ పోయే 98 మైళ్ల లైను. వాల్టర్ స్కాట్ నవలల పేరు మీద దాన్ని వేవర్లీ మార్గం అనేవారు. (ఆ ఊరి పేరు రాతలో 'హావిక్' లాగా ఉంటుంది, పలకడం 'హాయిక్'. నేను మొదటిసారి తప్పు పలికి బస్సు డ్రైవరుతో నవ్వించుకున్నాను.)

మూసేస్తారని తెలిసి హాయిక్‌కు చెందిన మాడ్జ్ ఎలియట్ అనే గృహిణి సంతకాలు సేకరించింది. పదకొండు వేలకు పైగా సంతకాలు. 1968 డిసెంబరులో లండన్ పోయి ప్రధాని ఇంటి దగ్గర ఇచ్చి వచ్చింది. ఫలితం లేదు. 1969 జనవరి 5 రాత్రి ఆఖరి రైలు, ఎడిన్‌బరా నుంచి లండన్ పోయే స్లీపర్ బండి, బయలుదేరింది. సరిహద్దు దగ్గర న్యూకాసల్టన్ అనే చిన్న ఊరు. అక్కడి జనం లెవెల్ క్రాసింగ్ గేట్లు వేసి పట్టాల మీద నిలబడ్డారు. ముందు నిలబడింది ఊరి చర్చి పాస్టరు. పోలీసులు ఆయన్ని పట్టుకుపోయారు. అదే రైల్లో ఉన్న స్థానిక ఎంపీ డేవిడ్ స్టీల్ కిందికి దిగి, చలిలో జనంతో, పోలీసులతో మాట్లాడి, పాస్టరును విడిపించి, గేట్లు తీయించాడు. బండి రెండు గంటలు ఆలస్యంగా కదిలింది.

దీన్ని మనం ఏమంటాం? రైల్ రోకో. 1969 జనవరి అంటే మనకు ఇంకో సంగతి గుర్తుకొస్తుంది. అదే నెలలో పాల్వంచలో, ఖమ్మంలో తొలి తెలంగాణ ఉద్యమం రాజుకుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వాళ్లది రైలు, మనది రాష్ట్రం. కానీ రెండు చోట్లా జనం అన్న మాట ఒకటే. మా సంగతి మమ్మల్ని అడగకుండా దూరంగా కూర్చుని ఎవరో రాసేస్తున్నారు అన్నది.

ఇప్పుడు మనం ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. న్యూకాసల్టన్ రైల్ రోకో లైనును కాపాడలేదు. మరుసటి రోజు నుంచి మూతే. మూడు నాలుగేళ్లలో పట్టాలన్నీ పీకేశారు. పట్టా పోయిన తర్వాత నేల పోయింది. ఎడిన్‌బరా చుట్టూ బైపాస్ రోడ్డు వేసినప్పుడు పాత లైను మీదుగానే వేశారు. ఊళ్లలో పాత రైలు కట్ట మీద కట్టడాలు లేచాయి. వంతెనలు కూల్చారు. సరిహద్దు జిల్లాలో ఒక్క రైల్వే స్టేషన్ కూడా లేని కాలం 46 ఏళ్లు నడిచింది.

తిరిగి ఎట్లా వచ్చింది? 1999లో స్కాట్లాండ్‌కు సొంత పార్లమెంటు ఏర్పడింది. అదే ఏడు సరిహద్దు రైలు కోసం ప్రచార సంఘం కూడా ఏర్పడింది. పదిహేడు వేలకు పైగా సంతకాలతో కొత్త పార్లమెంటు పిటిషన్ల కమిటీకి అర్జీ పెట్టుకున్నారు. 2000 జూన్‌లో సభలో చర్చ జరిగింది, అన్ని పార్టీలూ మద్దతు చెప్పాయి. పిటిషన్ల కమిటీ అనేది ఒక మంచి ఏర్పాటు. మామూలు మనిషి ఇచ్చిన కాగితాన్ని సభ పట్టించుకోవాలి, జవాబు చెప్పాలి. 1968లో మాడ్జ్ ఎలియట్ కాగితానికి ఆ భాగ్యం లేదు.

కానీ చూడండి, మద్దతు చెప్పింది 2000లో. బిల్లు పెట్టింది 2003లో. దాని మీద కమిటీ ఎన్ని రోజులు కూర్చుందో! ఏ ఇంటి గోడకు ఎంత దూరం, ఏ వంతెన ఎత్తు ఎంత, ఎవరి పొలంలో ఎంత నేల పోతుంది, అన్నీ విన్నారు. స్టో అనే పల్లెకు మొదటి ప్రణాళికలో స్టేషనే లేదు. ఆ పల్లె జనం పోయి కమిటీ ముందు వాదించి స్టేషన్ రాయించుకున్నారు. ఈ ముక్క నాకు మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టం. 2006 జూన్‌లో బిల్లు 114 ఓట్లకు ఒక్క వ్యతిరేక ఓటుతో నెగ్గింది. ఆ తర్వాత టెండర్లు. పోటీకి వచ్చిన కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకుని చివరికి ఒక్కటే మిగిలింది, ఆ ఏర్పాటు రద్దయింది. పనిని నెట్‌వర్క్ రైల్‌కు అప్పగించారు. 30 మైళ్ల లైను, ఏడు కొత్త స్టేషన్లు. 2015 సెప్టెంబరు 6న జనానికి తెరిచారు. మూడు రోజుల తర్వాత రాణి వచ్చి ఆవిరి బండిలో ప్రయాణం చేసింది. ఒక గూడ్సు ఇంజనుకు మాడ్జ్ ఎలియట్ పేరు పెట్టారు.

లెక్క పెట్టండి. పార్లమెంటు వచ్చాక రైలు రావడానికి పదహారేళ్లు. రాష్ట్రం వస్తే చాలు, మిగతావి వెనకే నడిచి వస్తాయనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2014 జూన్‌లో ఇక్కడ గులాల్ చల్లుకున్నప్పుడు మా హుజూర్‌నగర్‌కు ఐదేళ్లలో రైలు వస్తుందని మా అత్తమ్మకు ఫోన్‌లో మాట కూడా ఇచ్చాను. ఆమె ఇప్పటికీ ఆ మాట మర్చిపోలేదు. నేను పోయినప్పుడల్లా "ఏ బండికి వచ్చినవ్ బిడ్డా?" అని అడుగుతది.

ఖర్చు గురించి కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. సరిహద్దు రైలుకు మూడు వందల మిలియన్ పౌండ్ల దాకా అయింది. ఆఖరి లెక్కల్లో పౌండు ఖర్చుకు అర పౌండు లాభమే వస్తుందని తేలింది. అంటే లెక్కల మనిషి మాట వింటే ఆ లైను వేయకూడదు. పత్రికల్లో ఎగతాళి చేశారు. బస్సులు పెంచితే చాలదా అన్నారు. ఆ వాదన తీసిపారేసేది కాదు. కానీ మొదటి ఏడాదిలోనే 12 లక్షలకు పైగా ప్రయాణాలు జరిగాయి. దూరపు కొసన ఉన్న స్టో, గాలషీల్స్, ట్వీడ్‌బ్యాంక్ స్టేషన్లలో అంచనా వేసినదానికి ఎన్నో రెట్లు ఎక్కారు. ఏ ఊళ్లలో ఎవరూ ఎక్కరన్నారో ఆ ఊళ్లలోనే ఎక్కువ ఎక్కారు. లెక్క ఎక్కడ తప్పింది? ఉన్న ప్రయాణికులను లెక్కబెట్టారు గానీ, రైలు లేక ప్రయాణమే మానుకున్నవాళ్లను లెక్కబెట్టలేదు. దవాఖానకు పోకుండా ఊరుకున్న ముసలమ్మ ఏ సర్వేలోనూ ఉండదు.

డబ్బు మిగిల్చే తొందరలో ఒక తప్పు చేశారు. లైను చాలా భాగం ఒంటి పట్టాలే వేశారు, ఎదురు బళ్లు తప్పుకునే చోట్లు తగ్గించారు. కొత్త వంతెనలు కొన్ని ఒక్క పట్టాకే సరిపోయేలా కట్టారు. దాంతో ఒక బండి ఆలస్యమైతే వెనక ఉన్నవన్నీ ఆలస్యం. తక్కువతో సరిపెట్టుకుంటే తర్వాత ఎక్కువ కట్టాలి అని ఆ లైనులో ఎక్కే ప్రతి ఒక్కరూ చెప్తారు. హాయిక్‌కు రైలు ఇంకా రాలేదు. సంతకాలు సేకరించిన ఊరికే రాలేదు. ట్వీడ్‌బ్యాంక్ దగ్గరే ఆగింది. అక్కడి నుంచి కార్లైల్ దాకా కావాలని అదే ప్రచార సంఘం ఇప్పటికీ అడుగుతోంది.

ఇప్పుడు లీవెన్‌కు తిరిగి వద్దాం. అక్కడి ప్రచార సంఘం 2014లో గట్టిగా పని మొదలుపెట్టింది. ప్రభుత్వం ఒప్పుకున్నది 2019 ఆగస్టులో. రైలు నడిచింది 2024 జూన్‌లో. 116 మిలియన్ పౌండ్లకు పైగా ఖర్చు, రెండు స్టేషన్లు. నిర్ణయం నుంచి రైలు దాకా ఐదేళ్లు. సరిహద్దు రైలుకు చట్టం అయ్యాక కూడా తొమ్మిదేళ్లు పట్టింది. ఎందుకు తేడా? ఇక్కడ లైను చిన్నది, నిజమే. కానీ అంతకంటే పెద్ద కారణం, నేల పోలేదు. తుప్పు పట్టినా, చెట్లు మొలిచినా, అది రైల్వే నేలగానే మిగిలింది. మళ్లీ కొనే పని లేదు, బైపాస్ కింద తవ్వే పని లేదు. అందుకే, పాత లైను ఉన్న ఏ ఊరి వాళ్లకైనా నేను మొదట చెప్పేది ఒక్కటే. బండి తర్వాత, ముందు నేల చూసుకోండి.

వాళ్లు పదేళ్లు చేసిన పని చూస్తే అందులో ఫోటోకు పనికొచ్చేది చాలా తక్కువ. ఊళ్లో మీటింగులు, కౌన్సిల్‌కు లేఖలు, ఎమ్మెస్పీల చుట్టూ తిరుగుడు. కాలేజీ పిల్లలు ఎట్లా పోతున్నారు, ఉద్యోగానికి పిలిచినా బస్సు వేళ కుదరక ఎవరు మానుకున్నారు, ఈ వివరాలు. రవాణా శాఖ అడిగే అధ్యయనం ఒక దశ తర్వాత ఇంకో దశ, ప్రతి దశలో అదే ప్రశ్న, అదే జవాబు. ఒకే ఒక్క కోరిక. లీవెన్‌కు రైలు. దాంతోపాటు రోడ్డు, పార్కు, ఫ్యాక్టరీ అని జాబితా పెంచలేదు. అన్ని పార్టీల వాళ్లనూ పిలిచారు, ఏ పార్టీ జెండా కిందా కూర్చోలేదు.

మనకు మొదటి రకం పని బాగా తెలుసు. సకల జనుల సమ్మెలో 42 రోజులు నిలబడ్డవాళ్లం. పట్టాల మీద వంటావార్పు చేసినవాళ్లం. రెండో రకం పని మనకు అంత అలవాటు లేదు. నాకూ లేదు. పదిహేను నిమిషాల నినాదానికి వస్తాను, పదిహేను పేజీల దరఖాస్తు అనగానే నిద్ర వస్తుంది.

మా వైపు సంగతి చెప్పి ముగిస్తాను. మోటుమర్రి నుంచి జగ్గయ్యపేట, మేళ్లచెరువు, మట్టంపల్లి, జాన్‌పహాడ్ మీదుగా విష్ణుపురం దాకా రైలు లైను ఉంది. ఇటు ఖమ్మం వైపు ఖాజీపేట–విజయవాడ లైను, అటు మిర్యాలగూడ వైపు నడికుడి లైను, రెంటినీ కలుపుతుంది. సిమెంటు ఫ్యాక్టరీల కోసం పడిన లైను. గూడ్సులు పోతాయి. మా ఊళ్ల జనానికి రోజూ ఎక్కే ప్యాసింజర్ లేదు. లీవెన్‌లో తీసేశారు, మా దగ్గర వేయనే లేదు. కానీ గేటు దగ్గర ఆటోలో కూర్చుని సిమెంటు బండి పోయేదాకా ఆగే మనిషికి ఈ తేడా పెద్దగా తెలియదు. బస్తా పోతుంది, మనిషి పోడు.

ఆ లైను పక్కన ఏమున్నాయో తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఉర్సుకు హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా వేల మంది వస్తారు, ట్రాక్టర్ల మీద, ఆటోలకు వేలాడుతూ. మట్టపల్లి నరసింహస్వామి ఉన్నాడు కృష్ణ ఒడ్డున. మిర్యాలగూడ రైసు మిల్లులకు, ఫ్యాక్టరీలకు రోజూ పోయి వచ్చే కూలీలు ఉన్నారు. మా అత్తమ్మ కంటి ఆపరేషన్‌కు మూడు బండ్లు మారి పోయింది. ఆపరేషన్ ఇరవై నిమిషాలు, ప్రయాణం పూట.

మన దగ్గర రైల్వే కేంద్రం చేతిలో ఉంది. స్కాట్లాండ్ పార్లమెంటుకు ఉన్న అధికారం మన శాసనసభకు లేదు. అయినా రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదు. మనోహరాబాద్–కొత్తపల్లి లైను చూడండి. రాష్ట్రం నేల ఇచ్చి, ఖర్చులో మూడో వంతు భరిస్తానని ఒప్పుకున్న తర్వాతే అది కదిలింది. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చింది. మా లైనులో అంత కూడా అక్కర్లేదు. పట్టా ఉంది, నేల ఉంది, గూడ్సు నడుస్తున్న లైనే. కావలసింది స్టేషన్లలో ప్రయాణికులకు తగిన వసతి, ఒక డెమో మెమో బండి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ప్యాసింజర్ల మీద నష్టం వస్తుందని రైల్వే అంటుంది. వస్తుంది, దేశమంతా వస్తోంది, గూడ్సు ఆదాయంతోనే పూడుస్తున్నారు. మా నేల మీదుగా పోయే గూడ్సు ఆదాయంలో మా రెండు ట్రిప్పుల నష్టం ఎంత? ఆ లెక్క అడగాలి, అంచనాగా కాదు, అంకెతో.

ఈ లైను సగం ఆంధ్రలో, సగం తెలంగాణలో ఉంది. జగ్గయ్యపేట వాళ్లతో కలిసి అడగాలా అని నిన్న ఒక మిత్రుడు మొహమాటంగా అడిగాడు. అడగాలి. రాష్ట్రం వేరైంది బండి ఎక్కకుండా ఉండడానికి కాదు కదా. పైగా ఇద్దరు ముగ్గురు ఎంపీలు ఒకే కాగితం మీద సంతకం పెడితే దానికి బరువుంటుంది.

ఇక మీతో పని. చందాలు అడగడం లేదు, జేబులు సర్దుకోవద్దు. మీలో ఆ వైపు వాళ్లు, హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ, మధిర వాళ్లు, ఇంటికి ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. ఎక్కడికి పోతారు, ఏ వేళకు, ఎన్ని బండ్లు మారతారు, ఎంత ఖర్చవుతుంది. జవాబు ఉన్నది ఉన్నట్టు రాయండి, పెంచొద్దు. ఒక్క అంకె తప్పని తేలితే మిగతా కాగితం ఎవరూ చదవరు. భారత పౌరసత్వం ఉంచుకున్నవాళ్లు ఆన్‌లైన్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఆ లైను మీద ప్యాసింజర్ ప్రతిపాదన ఏదైనా ఉందా, ఉంటే ఏ దశలో ఉంది అని. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్న నాలాంటి వాళ్లకు ఆ హక్కు లేదు, కాబట్టి టైపింగ్ పని నాది.

నాలుగు ప్రశ్నల కాగితం వెనక టేబుల్ మీద, సకినాల డబ్బా పక్కన పెట్టాను. వచ్చే నెల మొదటి ఆదివారం దాకా వచ్చినవన్నీ కలిపి పట్టిక వేస్తాను. మొదటిది మా అత్తమ్మది, ఇప్పటికే నింపాను. "ఏ వేళకు బండి కావాలె?" అని అడిగితే, "పొద్దుగాల ఏడుకు. ఆలస్యమైతే డాక్టరు చీటీలు అయిపోతయి" అంది.